ఒక ఇంటికి ఒక్క మిషను

ఫిబ్రవరి 2, ఆదివారం

బిందుకి డబుల్. నాకు సింగిల్.

ఈవేళ మా తల్లో తండ్రో పోయిన పిల్లల మొలక గ్రూపు మీటింగులో మెహ్రాజ్ మేడమ్ మళ్లీ చెప్పింది. మేం పెట్టిలో దాచుకున్న డబ్బుకి ఏడాది చివర పంపకం రోజున ప్రాజెక్టు వాళ్లు కొంత కలుపుతారు. అమ్మో నాన్నో ఒకరే పోయినోళ్లకి, ఎంత దాస్తే అంత. ఇద్దరూ పోయినోళ్లకి దానికి రెండింతలు. పిల్లలందరూ తలలూపేరు. నేనూ ఊపేను. లోపల మాత్రం కుతకుతలాడిపోయేను.

మా నాన్న బెల్లం లారీ మీంచి పడి పోయేడు. నాలుగేళ్లయింది. అంత ఏడుపు ఏడిస్తే నాకు వచ్చేది బిందుకి వచ్చేదాంట్లో సగం. ఈ మాట పైకి అంటే చెప్పుచ్చుకు కొడతారు. అందుకే ఇక్కడ రాత్తన్నాను.

ఇంకో లెక్క కూడా వేసేను. అది ఇక్కడ కూడా రాయను. అప్పుడే వంటింట్లో అమ్మ దగ్గింది. నా గుండె ఆగినంత పనైంది.

ఫిబ్రవరి 3

అమ్మ అడక్కుండానే టీ పెట్టిచ్చేను. ఒంట్లో బాగోలేదేటే అని నా నుదురు ముట్టుకుని చూసింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

బిందుమాధవి. పేరు కూడా ఎంత బాగుందో దానికి. నాకేమో నూకరత్నం. అమ్మవారి పేరు, అలా అనుకోకూడదు, గాని ఇంటర్లో అటెండెన్సు పిలిచినప్పుడల్లా వెనక బెంచీ కిసుక్కుమనేది. అందుకే ఎక్కడైనా రత్న అనే రాత్తాను.

ఇద్దరం ఒకే ట్రైనింగులో టైలరింగ్ నేర్చుకుంటన్నాం. ఈవేళ మేడమ్ బిందు కుట్టిన బ్లౌజు పైకెత్తి అందరికీ చూపించింది. మెడ దగ్గర పైపింగ్ గీత గీసినట్టుంది. తర్వాత నాది చూసి రత్నది కూడా బాగుంది అంది. ఆ ‘కూడా’ నాకెందుకు?

మీటింగవగానే బిందు మా ఇంటికొచ్చేసింది. ప్రతి ఆదివారం ఇదే తంతు. దానిది మునగపాక, సన్యాసిరావు బాబాయి ఇంట్లో ఉంటాది. ఆటో ఎక్కేలోపు గవరపాలెంలో మా ఇంట్లో అన్నం తినాలి, మా అమ్మ చేత తలకి నూనె రాయించుకోవాలి, రెండు జడలు వేయించుకోవాలి. తల్లీ తండ్రీ లేని గుంట కదే అంటాది అమ్మ, నేనేమీ అనకుండానే.

నాకు ఆఖరిసారి జడ ఎప్పుడేసిందో గుర్తే లేదు. అడిగితే గాడిదలా ఎదిగేవు, నువ్వే ఏసుకో అంటాది. బిందు నాకంటే రెండు నెలలే చిన్న. అదేం ఎదగలేదు కాబోలు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మిషను! మోటారు మిషను! పద్దెనిమిది నిండబోతున్న వాళ్లకి ఈ ఏడు ప్రాజెక్టు వాళ్లు కిట్లు ఇత్తారంట. నా పేరు చదివేరు. మేలో నాకు పద్దెనిమిది. మళ్లీ ఏడు ఇమ్మన్నా ఇవ్వరు, ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ఇంటి ముందు అరుగు మీద వేసుకుంటాను. ఫాల్సు, పీకో, బ్లౌజులు. అమ్మని బెల్లం మార్కెట్టుకి వెళ్లనివ్వను. రోజంతా కూకుని దిమ్మలు ప్యాకింగ్ చేసి చేసి, సాయంత్రం లేచేటప్పుడు గోడ పట్టుకుని గాని లేవలేకపోతంది. ఆ గోడ పట్టుకోవడం నేను చూడలేను.

బిందు పేరు కూడా చదివేరు. చదవనీ. ఈవేళ నాకు దాని మీద కూడా కోపం లేదు.

మార్చి 2, ఆదివారం

బిందు రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

చేపల పులుసు. అమ్మ నాకు వడ్డించే ముందే ఒక గిన్నెలో దానికి తీసి మూత పెట్టింది. తలకాయ ముక్క కూడా అందులోనే. సాయంత్రం దాకా వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా గుమ్మం వైపు చూసింది. నేను కాలేజీ నుంచి ఎంత లేటుగా వచ్చినా ఎప్పుడూ అలా చూడలేదు. చూసిందేమో. నేను లేనప్పుడు ఏటి చేసేదో నాకెలా తెలుత్తాది?

మార్చి 9, ఆదివారం

బిందు వచ్చింది. చేతులు చూపించమంటే వెనక్కి దాచుకుంది. అమ్మ లాగి చూసింది. అరచేతుల్నిండా కోతలు, చెరుకాకు కోసేసిన గీతలు. బాబాయి దాన్ని ట్రైనింగ్ మాన్పించి చెరుకు నరికే పన్లోకి దింపేడు. కూలి అతనే తీసుకుంటన్నాడు. పంపకం డబ్బులొచ్చినా, మిషనొచ్చినా తనకే ఇవ్వాలని ముందే చెప్పేడంట. మిషను అమ్మేత్తాడంట.

నాకు జాలేసింది. నిజం. ఒక పావుగంట.

అప్పుడు అమ్మ అంది, నువ్వింక ఎల్లొద్దే, ఇక్కడే ఉండిపో, నాకు ఇద్దరూ ఒకటే అని. నన్ను అడగలేదు. నా వైపు చూడనైనా లేదు. ఉన్నది ఒక్క గది, ఒక వంటిల్లు. నాకు ఇద్దరూ ఒకటే అంది!

మార్చి 11

అమ్మతో మాటల్లేవు. అమ్మకి తెలిసిందో లేదో కూడా తెలీదు.

మార్చి 16, ఆదివారం

ఈవేళ బాంబు పేలింది. అమ్మ మేడమ్ దగ్గరకొచ్చి బిందుని మునగపాక నుంచి మా ఇంటికి తెచ్చుకుంటానని చెప్పింది. మేడమ్ సంతోషించింది, ఆఫీసర్లతో తను మాట్లాడతానంది. ఆ తర్వాత మెల్లిగా రూలు చెప్పింది. ఒక ఇంటికి ఒక్క కిట్టే. ఒకే ఇంట్లో ఇద్దరుంటే, తల్లీ తండ్రీ ఇద్దరూ లేనోళ్లకి ముందు.

అంటే బిందుకి.

ఇంటికొచ్చి అమ్మ మీద అరిచేను. నువ్వెవరికి అమ్మవి అని అడిగేను. నా మిషను దానికి పోతాదని తెలిసీ ఎలా చేత్తావన్నాను. అమ్మ బియ్యం ఏరుకుంటానే ఉంది. మిషను పోతే పోనియ్యే, గుంట పోతే మళ్లీ వత్తాదా అంది. నేను పోతానన్నాను. నువ్వెక్కడికెల్తావే, ముందు కొళాయొచ్చింది, నీల్లట్టు అంది.

పట్టేను. ఏడుస్తూనే పట్టేను.

మార్చి 22, శనివారం, సాయంత్రం 5

రేపు పంపకం.

మా పెట్టికి మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గరుంటాయి. మా గ్రూపులో అతీక్ దగ్గర ఒకటి, ఇందు అనే ఇంకో గుంట దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. ముగ్గురూ లేకుండా పెట్టి తెరవకూడదు. మేడమ్ కూడా తెరవకూడదు. ఆ రూలు మేమే పెట్టుకున్నాం.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పెట్టి తెరిచే ముందు ఒక్కొక్కరూ లేచి అందరి ముందూ చెప్పాలి, నేను ఫలానా, ఫలానా ఇంట్లో ఉంటన్నాను, నన్ను చూసుకునేది ఫలానా వాళ్లు అని. కాగితాల్లో ఏటున్నా ఆ రోజు నోటితో చెప్పిందే లెక్క. రేపు బిందు లేచి తలుపులమ్మ అని మా అమ్మ పేరు చెప్తాది.

కిట్ల లిస్టు సోమవారం పొద్దున్నే విశాఖ ఆఫీసుకి వెళ్లిపోద్ది. రేపు పెట్టి తెరవకపోతే ఎవరూ ఏమీ చెప్పరు. బిందు మునగపాకలోనే ఉన్నట్టు లెక్క. అప్పుడు ఇద్దరికీ రెండు మిషన్లు. ఎవరికీ నష్టం లేదు. దానికీ మంచిదే కదా.

దాని మిషను వాళ్ల బాబాయి అమ్మేత్తాడు కదా అని నాలోనే ఎవరో అడుగుతన్నారు. నోర్మూసుకోమన్నాను.

తాళంచెవి కందిపప్పు డబ్బాలో వేసేను.

మార్చి 23, ఆదివారం, మధ్యాహ్నం 3

ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలీటం లేదు.

పదింటికి పిల్లలూ పెద్దోళ్లూ అందరూ వచ్చేరు, అమ్మ కూడా. బిందు మునగపాక నుంచి సంచీతో వచ్చింది, బట్టలన్నీ సర్దుకుని. అతీక్, ఇందు తాళంచెవులు తీసేరు. నేను లేచి, నాది పోయింది మేడమ్ అన్నాను.   రూలు రూలే, ఈవేళ పెట్టి తెరవం, ఇంకో రోజు పెట్టుకుందాం అంది మేడమ్. పిల్లలు గొణిగేరు. జాతరకి డబ్బులుండవని ఒకడు ఏడుపు మొహం పెట్టేడు. నేను కాళ్ల వైపు చూత్తా నిలబడ్డాను.

అప్పుడు గుమ్మంలోకి సన్యాసిరావు బాబాయి. వెనక ఇంకో ఇద్దరు, బయట ఆటో ఆగి ఉంది. డబ్బు బిందు చేతిలో పడగానే లాక్కుని దాన్ని ఎక్కించుకుపోదామని వచ్చేడు. డబ్బులేవని అడిగేడు. పెట్టి తెరవలేదన్నారు. నమ్మలేదు. పెట్టిని కాలితో తన్నేడు. మూడు తాళాలూ అలాగే ఉన్నాయి. అతీక్ వాళ్ల నాన్నమ్మ గుల్జార్‌బీ గుమ్మానికి అడ్డం కూకుండిపోయింది, ఈ గుంటని తీసుకెల్లాలంటే నన్ను తొక్కుకుంటా ఎల్లు అంది. మేడమ్ పోలీసులకి ఫోన్ చేత్తన్నాను అనేసరికి ముగ్గురూ ఆటో ఎక్కేరు. వెళ్తూ బిందుని మళ్లీ తన గుమ్మం తొక్కొద్దన్నాడు.

అమ్మ రోజూ వెళ్లి అతన్ని బతిమాలినా బిందు సంగతి ఇంత వేగంగా తెగేది కాదు.

మార్చి 23, సాయంత్రం

అసలు సంగతి ఇది. అందరూ నన్ను పొగుడుతున్నారు.

అమ్మే మొదలెట్టింది. నా కూతురు తాళంచెవి పారేసుకునే రకం కాదు, పొద్దున్న టీ కొట్టు దగ్గర ఆ సన్యాసిరావు బండి చూసుంటాది, అందుకే దాసేసింది అంది. నేను ఏ బండీ చూడలేదు. టీ కొట్టు వైపే వెళ్లలేదు. మేడమ్ నా భుజం తట్టి, చెప్తే గొడవవుతుందని చెప్పకుండా చేసేవు కదా, దీన్నే లీడర్‌షిప్ అంటారు అంది. బిందు నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. నా డ్రెస్సు భుజం తడిసిపోయింది.

నేను తల ఊపేను. ఏటి చెయ్యమంటారు?

అమ్మ నన్ను అందరి ముందూ దగ్గరకి లాక్కుంది. ఎన్నాళ్లయిందో. నాకెంతో కావలసింది, నేను చెయ్యని పనికి దొరికింది. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను, అమ్మ చీరకి బెల్లం వాసన.

బిందు సంచీ మా మంచం కింద ఉంది. బిందుని ఈ ఇంటికి తెచ్చింది నేనే, నా అబద్ధమే. ఎవరికి చెప్పుకోను?

మార్చి 26, బుధవారం

గొడవ వల్ల మేడమ్ లిస్టు ఆపిందంట. ఈవేళ పంపకం అయింది. డబ్బులు ఎవరి చేతికీ ఇవ్వలేదు, అందరివీ బ్యాంకులోనే వేత్తారు. తాళంచెవి తీసేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టేరు. నా చెవులు కాలిపోయేయి.

ఒక్కొక్కరూ లేచేరు. నేను రత్న, తలుపులమ్మ గారి ఇంట్లో ఉంటన్నాను, నన్ను చూసుకునేది మా అమ్మ అన్నాను. ‘మా’ని కొంచెం నొక్కేను. బిందు లేచింది. అదీ తలుపులమ్మ గారి ఇల్లనే చెప్పింది. చెప్పి కూకోలేదు. రూలు ప్రకారం మిషను నాదే గాని, రత్నకి ఇచ్చేయండి, నాకు ఇల్లు దొరికింది, చాలు అంది.

అందరూ చప్పట్లు. నాకు కొట్టిన వాటికంటే గట్టిగా.

చూడండి దీని తెలివి! ఇచ్చేసి కూడా అదే నెగ్గింది. నాకు మిషను, దానికి మా అమ్మ, పైగా మంచి పేరు కూడా దానికే. తెలివి కాదని నాకు తెలుసు. అది నిజంగానే ఇచ్చింది. దాని మొహం చూత్తే తెలిసిపోతాది. అదే నాకు మండుతుంది, ఒక్క అబద్ధం కూడా దొరకదు దాని దగ్గర.

మార్చి 29, శనివారం

నూకాలమ్మ జాతర. కొత్త అమావాస్య. లైన్లో ముగ్గురం. వెనకాలావిడ అమ్మని, ఇద్దరూ నీ కూతుళ్లేనా అని అడిగింది. అవునంది అమ్మ, తడుముకోకుండా.

గాజులు కొంటే ముందు బిందునే ఏరుకోమంది. నేను అనుకున్న ఆకుపచ్చవే తీసింది. తీసి, నా చేతికేసింది. నేను అనుకున్నట్టు ఎలా తెలిసిందో. థాంక్స్ చెప్పలేదు.

ఏప్రిల్ 3

మిషనొచ్చింది. తొలి బ్లౌజు అమ్మకే కుట్టేను. చంక దగ్గర పట్టేసింది, అమ్మ చెయ్యి పైకెత్తలేకపోయింది. పరవాలేదే, చెయ్యెత్తే పనేటుంది నాకు అంది.

నేను కొళాయికెళ్లొచ్చేసరికి బిందు కుట్లు విప్పేసి మళ్లీ వేసేసింది. అమ్మ చెయ్యెత్తి దండెం మీద బట్ట తీసింది. ఎవరు సరిచేసేరో అమ్మ అడగలేదు. నా రత్న కుట్టింది చూడండి అని పక్కింటి వాళ్లందరికీ చూపించింది. బిందు నోరిప్పలేదు.

దాన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఒక్కసారైనా నాదే అని అనవేటే.

ఏప్రిల్ 6, ఆదివారం

బిందు ఇన్నాళ్లూ పిన్నీ అనే పిలిచేది. ఈవేళ పెరట్లోంచి, అమ్మా, అని పిలిచింది.

అమ్మ పలకలేదు. ముందు నా మొహం చూసింది.

పిలుత్తంది కదా, పలకవేటి, అన్నాను.

పలికింది. నాకింకా మండుతానే ఉంది.