చేపల గుంటలో బూజు

ఆదివారం రాత్రి, కెంచనగుడ్డ

కాలేజీ మైక్రోస్కోపు ఇంటికి తెచ్చి, చేపపిల్లల్ని వదిలిన మా చేని గుంట, కృషిహొండ నీళ్లు నాయనకు చూపించినా. పాచి పోగులకు బూజు పట్టిందని చెప్పంగానే, వరికి మందు కొట్టే పంపు వీపుకేసుకున్యాడు.

"ఆగు నాయనా. ఆ పాచి పెద్దది, నీళ్లలోని చిన్న పురుగుల నోట్లో పట్టదు. బూజు దాన్ని తిని, ఈదే విత్తనాలు వదుల్తాది. వాటిని పురుగులు తింటాయి, పురుగుల్ని చేపపిల్లలు తింటాయి" అంటి.

మళ్లా కన్నుపెట్టి శానాసేపు చూసినాడు. ఎన్నిసార్లు చూసినా నాకూ ముచ్చట తీరదు.

"బలే వంటమనిషి గదమ్మా ఇది" అని పంపు దించినాడు. "మరి మన వరికి పట్టిన బూజు ఎవురికి వండుతాండాదో?"

రేపు ఆ వరికి మందు కొట్టాల.