పొడి వల మీద చింతగింజ

మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. ఏలూరు బడిలో మీరు నాకు చదవడం నేర్పిన పద్ధతిలోనే ఇక్కడ కైకలూరులో నేనూ పాఠం చెబుతున్నాను. ఎందుకుందో తెలియని మాట మీద చింతగింజ పెట్టమంటాను. అది తేలేదాకా పేజీ తిప్పనివ్వను.

ఇవాళ ఆ జాలరి కథ చదివించాను. కొడుకు సరస్సులో మునిగిపోయిన నెలకు తండ్రి మళ్లీ దోనె ఎక్కుతాడు. సాయంత్రం పొడి వల భుజాన వేసుకుని వట్టి చేతులతో ఇంటికి వస్తాడు. పాపం, చేపలు పడలేదని మీరు చెప్పారు. నేనూ ఏటా అదే చెబుతూ వచ్చాను.

కొల్లేటికోట జాలరి పిల్ల నాగమ్మ "పొడి" అన్న మాట మీద గింజ పెట్టింది.

"వేసిన వల సాయంత్రానికి ఆరదండీ. ఆయన అసలు వెయ్యలేదండీ" అంది.

"ఎందుకు వెయ్యలేదమ్మా?"

"కొడుకు పోయిన నీళ్లు కదండీ."

ఇన్నేళ్లూ మనిద్దరం దాటిపోయిన మాట దగ్గర ఆ పిల్లను ఆపింది మీ చింతగింజేనండీ. మీరుంటే పుస్తకం మూసి, "మళ్లీ మొదటినుంచి" అనేవారు.

చదివాం మాస్టారూ. ఆ మాట దగ్గరకు వచ్చేసరికి పిల్లలంతా, ఎవరూ చెప్పకుండానే, గొంతు తగ్గించారు.