పొట్టి జుట్టు సంగతి

మంగళవారం, రాత్రి.

క్యాన్సర్ తగ్గినవాళ్ల కోసం లైబ్రరీలో పెట్టే ధ్యానం క్లాసుకి ఎట్టకేలకు ఈరోజు వెళ్లాను. ఎదురు కుర్చీలో ఎవరా అని చూస్తే, మా భజన గ్రూప్ రాధ ఆంటీ! పోయినేడాది ఆవిడ భజనకి రాకపోతే థైరాయిడ్ అన్నారు. నేను మానేసినప్పుడు నడుం నొప్పని చెప్పుకున్నాను.

"శ్వాస మీదే మనసు పెట్టండి," అంటోంది టీచర్. నా మనసు శ్వాస మీద ఎక్కడుంది? శనివారం భజనలో అందరికీ తెలిసిపోతుందేమోనన్న భయమే క్లాసు అయ్యేదాకా.

పార్కింగ్‌లో ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవ్వరితో అనకమ్మా, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నీ సంగతి నేనూ చెప్పనులే."

సరేనని తల ఊపాను. కార్ ఎక్కాక నా మీద నాకే ఒళ్లు మండింది. ఇంత దూరం అమెరికా వచ్చి, ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో రెండు వీధుల దూరంలో ఉంటూ, ఎవరి కీమోకి వాళ్లం దొంగల్లా వెళ్లొచ్చాం. ఒకరికొకరం ఒక్క పూట చారన్నం కూడా ఇచ్చుకోలేకపోయాం.

ఆవిడ సంగతి నా నోట రాదు. కానీ నాది నా ఇష్టం. శనివారం ఎవరైనా "షార్ట్ హెయిర్ నీకు భలే సూటయింది" అంటే, ఇది కీమో తర్వాత మొలిచిన జుట్టని చెప్తాను.

ఆంటీకి కూడా వినపడేలా చెప్తాను.