బుచ్చయ్యకు చెప్పిన మాట

2023 నవంబర్ 6, సోమవారం

ఈ రోజు నుంచి కొత్త పని. ఒకసారి చూపించుకుని, వైద్యానికి మళ్లీ రానివాళ్లకు ఫోన్ చేయాలి. ఇన్నాళ్లూ రామన్నపేటలోని ఈ పళ్ల దవాఖానలో లెక్కలు రాయడం, చీటీలు ఇవ్వడమే నా పని. లియాఖత్ భాయ్, మీరు మెల్లగా మాట్లాడతారు, మీరు చెప్తే వస్తారు అన్నారు డాక్టర్ దీప్తి మేడం. నేను మాట్లాడేది మెల్లగా కాదు, తక్కువ. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఏం చెప్పాలో ఇంగ్లిష్‌లో రాసిచ్చారు. పక్కన పెట్టాను. నాకు వచ్చిందంతా కిరాణా దుకాణంలో పొట్లాల పేపర్లు చదివి నేర్చుకున్న తెలుగే.

నొప్పి పోయింది కాబట్టి పన్ను బాగైందని ఒకామె అంది. పై పన్ను పీకితే కన్ను పోతదట, అప్పుడు నీ కన్ను ఇస్తవా అని ఒకతను అడిగాడు. పత్తి ఏరుడు అయినంక చూద్దాం అన్నాడు ఇంకొకాయన. చాలామంది ఎత్తనే లేదు.

నవంబర్ 9, గురువారం

ఆలేరు దిక్కు ఊరాయన బుచ్చయ్యకు మళ్లీ చేశాను. ముందుపళ్లు పైనా కిందా కదులుతున్నాయి. చిగుళ్లలో చీము. తీసేయాలని మేడం వేసవిలోనే చెప్పారు. అప్పుడు పోయిన మనిషి రాలేదు.

భార్య నిర్మలమ్మ ఎత్తింది. మా అల్లుడు గూడ గిన్నిసార్లు ఫోన్ చెయ్యడు, ఎవలయ్యా నువ్వు అంది. చెప్పాను. పళ్లు పోతయని ఆయనకు ఫికర్ లేదు, సన్నాయి పోతదని భయం, మంచంల పండుకొని గూడ వేలు పెట్టి పళ్లు కదిలిస్తనే ఉంటడు అంది. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. ఇంట్ల లేనని చెప్పు అంటున్నాడు.

బుచ్చయ్య పెళ్లిళ్లకు సన్నాయి ఊదుతాడు. నాకు ఇవాళే తెలిసింది.

నవంబర్ 15, బుధవారం

ఈసారి ఆయనే ఎత్తాడు. మాఘంలో మనవరాలి పెళ్లి ఉందట. ఊరందరి పిల్లలను నా సన్నాయి మీద పందిట్లకు తెచ్చిన, మా పిల్లను గూడ తేనియ్యి, పెళ్లి తెల్లారి నేనే వస్త, ఉన్నయన్ని పీకుకోండ్రి అన్నాడు.

సరే అన్నాను.

నవంబర్ 16, గురువారం

ఇంట్లో పెళ్లి ఉందట, అయ్యాక వస్తాడట అని మేడంతో చెప్పాను. సన్నాయి మాట ఎత్తలేదు. షుగర్ ఉన్న మనిషి, చీము దవడలోకి దిగితే ప్రమాదం అన్నారు. ఇప్పుడు తీసేస్తే పెళ్లి లోపల కట్టుడు పళ్ల సెట్ పెడదాం, తినడానికి, మాట్లాడడానికి ఇబ్బంది ఉండదని చెప్పండి అన్నారు.

ఊదడం సంగతి అడగాలనుకున్నాను. బయట పేషెంట్లు ఉన్నారు.

నవంబర్ 18, శనివారం, సాయంత్రం

ఎన్నికల మైకు బండి దవాఖాన ముందే ఆగింది. ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి పోయాను. మేడం చెప్పింది చెప్పినట్టు బుచ్చయ్యకు చెప్పాను. తినొచ్చు, మాట్లాడొచ్చు. మరి ఊదుడు అని అడిగాడు.

ఊదొచ్చు అన్నాను. కొత్త పళ్లతో ఇంకా గట్టిగా ఊదుతావన్నా అని కూడా చెప్పాను.

సోమవారం వస్తానన్నాడు.

నవంబర్ 20, సోమవారం

వచ్చాడు. పొడుగు మనిషి, తెల్ల మీసం. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. లోపలికి పోయే ముందు, నీ మాట మీదనే కూసుంటున్న భాయ్ అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నోట్లో దూది. మాట రాక, రెండు చేతులు పైకెత్తి సన్నాయి ఊదినట్టు నాకు వేళ్లు ఆడించి చూపించాడు.

మేడం మెచ్చుకున్నారు. ఇంట్లో నా భార్య సకీనాకు చెప్పాను. ఇంట్ల నీ నోరు తెరిపించడానికి నాకు ముప్పై ఏండ్లు చాలలే, ఊరోళ్ల నోళ్లు మాత్రం తెరిపిస్తున్నవ్ అంది.

2024 జనవరి 24, బుధవారం

సెట్ పెట్టారు. బుచ్చయ్య అద్దంలో చూసుకుని, పడుచోన్ని చేసిర్రు, నిర్మల ఇంట్లకు రానియ్యదు అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత సంచిలోంచి సన్నాయి తీశాడు.

వరండాలో నిలబడి ఊదాడు. పై సెట్ జారింది. వేలితో నొక్కి మళ్లీ ఊదాడు. గాలి పక్కల నుంచి పోయింది. సన్నాయిలోంచి ఏమీ రాలేదు. ఆయన నా దిక్కు చూశాడు. నేను కంప్యూటర్ దిక్కు చూశాను.

ఆయన పోయాక మేడం లోపలికి పిలిచారు. సన్నాయి ఊదే మనిషని ముందే తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. ఆ ఒత్తిడికి ఈ సెట్ నిలవదు భాయ్, ముందే చెప్పి ఉంటే మందులు వాడి, చిగుళ్లు శుభ్రం చేసి, పెళ్లి దాకా నెట్టుకురావడానికి చూసేదాన్ని, కుదిరేదో లేదో గాని చూసేదాన్ని అన్నారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

ఫిబ్రవరి 3

బుచ్చయ్య నంబర్ తీశాను. చేయలేదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఫోన్లు చేసే పని ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. మేడం ఒప్పుకోలేదు. ఇప్పుడు ప్రతి మనిషినీ ఏం పని చేస్తారని ముందు అడుగుతున్నాను. ఏంది, సంబంధం చూస్తున్నవా అంది ఇవాళ ఒకామె.

ఫిబ్రవరి 24, శనివారం

పెళ్లికి పోయాను. బుచ్చయ్య పెళ్లి పత్రిక మనిషినిచ్చి పంపించాడు, పోకుండా ఎట్లా.

పందిట్లో వేరే ఊరి సన్నాయి. బాలస్వామి అట, కుర్రవాడు, బాగానే ఊదుతున్నాడు. డోలు మాత్రం బుచ్చయ్య జోడీ బక్కయ్యదే. ఇన్నేండ్లు ఈయన సన్నాయి కింద నా డోలు ఇనవడలే, ఇయ్యాల నా మొగం తెలిసింది జనానికి అని నాతో అన్నాడు. అని, తల తిప్పుకుని డోలు తాళ్లు బిగించడం మొదలుపెట్టాడు. అవి బిగుతుగానే ఉన్నాయి.

పిల్లను తీసుకొస్తుంటే బుచ్చయ్య లేచి బాలస్వామి పక్కన నిలబడ్డాడు. సన్నాయి నోట పెట్టుకున్నాడు. చెంపలు పొంగాయి. వేళ్లు ఒక్కొక్క రంధ్రం మీద సరిగ్గా పడుతున్నాయి, లేస్తున్నాయి. మోగేది మాత్రం బాలస్వామి సన్నాయి. పిల్ల తాతను చూసి నవ్వి, ముందుకు నడిచింది. ఆమెకు తెలుసో తెలియదో.

భోజనాల దగ్గర నిర్మలమ్మ నా ఆకులో దగ్గరుండి వడ్డించింది. పళ్లు మంచిగున్నయయ్యా, ఫోటోలల్ల బాగ పడ్డయ్ అంది.

బయల్దేరే ముందు బుచ్చయ్యను పక్కకు పిలిచాను. ఊదొచ్చని మేడం అనలేదన్నా, అది నేను కలిపిన మాట అన్నాను. ఎరుకే, డాక్టర్లు గంత తియ్యగ మాట్లాడరు అన్నాడు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

మార్చి 11, సోమవారం, పొద్దున

బుచ్చయ్య ఫోన్. హలో అన్నాను. మాట లేదు. గాలి. ఆగి, మళ్లీ గాలి. తర్వాత, ఎట్లుంది భాయ్ సన్నాయి, ఇంట్లోళ్లంత సప్పుడు వస్తాంది వస్తాంది అంటాండ్రు అన్నాడు.

రాలేదన్నా అన్నాను.

సరే, రేపు మళ్ల చేస్త, ఎత్తు అన్నాడు.