వెల్లకిలా నిద్ర

అక్కా,

కొత్తింట్లో సర్దుకునేదాకా ఉంచమని నువ్విచ్చిన పిల్లి క్షేమం. మొదట్లో పగలంతా బీరువా కింద కునుకు తీస్తుంటే, జబ్బేమోనని పశువుల డాక్టరుకు చూపించాను. ఆయన నవ్వాడు.

"పిల్లులు రోజుకి పదిహేను గంటలు పడుకుంటాయమ్మా. ఎలా పడుకుంటోందో చూడండి. భయముంటే కాళ్లు ముడుచుకుని, చెవులు నిక్కించి పడుకుంటుంది. నమ్మకం కుదిరితే పొట్ట చూపిస్తుంది."

మూడు నెలలు చూశాను. నిన్న మధ్యాహ్నం నేను మిషను తొక్కుతుంటే, పక్కనే కుట్టాల్సిన బట్టల మీద వెల్లకిలా పడుకుని గురక పెట్టింది. చప్పుడు ఆగితే లేస్తుందేమోనని పనికిరాని గుడ్డ మీద అరగంట కుడుతూనే ఉన్నాను.

ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నావు. తప్పకుండా రా, నాలుగు రోజులుండు. అడగడానికి మొహమాటంగానే ఉంది గానీ, దాన్ని తీసుకెళ్లే బుట్ట మాత్రం తేకు.

నీ చెల్లి