మంచు కింద టికు

జనవరి 29

బుక్ ఫెయిర్‌లో దుమ్ము, తోపులాట. ఐంద్రిలా దీదీ రాసిన కొత్త నవల కొన్నాను. ఊరికే ఇస్తానంది, వద్దన్నాను. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ, అక్కడ మంచు కింద మనుషుల కాలనీ. యాభై పేజీలకే అసూయ పుట్టింది. నా నవల మూడో అధ్యాయం దగ్గరే చతికిలబడింది. వానలు మానేసిన కలకత్తా, నిండు గర్భిణి నాయిక. కాన్పు రాయలేకపోతున్నాను. ఎన్నిసార్లు రాసినా బిడ్డ బతకడం లేదు.

జనవరి 30, మధ్యాహ్నం

62వ పేజీ. పిల్లవాడి పేరు టికు.

జనవరి 30, సాయంత్రం

పేరు కలిసిందిలే అనుకున్నాను. పేజీ తిప్పితే, వాడి ఎడమ చెవి అంచు లోపలికి మడత పడి ఉంది.

ఆరేళ్ల కిందట ఆస్పత్రిలో నర్సు గుడ్డ తొలగించి ఒక్కసారి చూపించింది, మళ్లీ కప్పేసింది. ఊపిరి లేకుండా పుట్టిన నా కొడుకు చెవి అది. కడుపులో ఉండగా మా ఆయన శౌభిక్, నేను పెట్టుకున్న ముద్దుపేరే టికు. అత్తగారికి కూడా చెప్పలేదు. ఆ వారమంతా నా మంచం పక్కన కూర్చున్న ఐంద్రిలా దీదీకి చెప్పుకున్నాను.

ఆమె వాణ్ణి అమ్ముకుంది.

జనవరి 31

ఆమె ఫ్లాట్‌కి వెళ్లాను. టీ పెట్టబోయింది. ఎవరినడిగి నా కొడుకుని తీసుకున్నావన్నాను. అడిగితే వద్దంటావని అడగలేదంది. నువ్వే రాస్తావని ఇన్నేళ్లూ చూశానంది. నేను తగ్గకపోయేసరికి అరిచింది: "ఏం చెయ్యమంటావే కేయా? అక్కడ కూడా పుట్టగానే చంపెయ్యమంటావా వాణ్ణి?"

చెంప మీద కొట్టినట్టయింది. ఈ జన్మలో నీతో మాట్లాడనని చెప్పి వచ్చేశాను. సగం మెట్లు దిగాక చూసుకుంటే కాళ్లకు చెప్పుల్లేవు.

ఫిబ్రవరి 1

శౌభిక్‌కి చెప్పాను. కోర్టుకెక్కుదాం అంటాడనుకున్నాను. మెల్లిగా అడిగాడు, వాడు ఎన్నో పేజీలో నడుస్తాడని.

ఫిబ్రవరి 3

88. ఏమీ పట్టుకోకుండా నడిచాడు. ఆ పేజీ శౌభిక్ నాచేత రెండుసార్లు చదివించాడు. కాస్త పెద్దయ్యాక చేప ముట్టడట, ముళ్లంటే భయమట. "బెంగాలీ కడుపున పుట్టి చేప తినడేంటి వీడు?" అని శౌభిక్ విసుక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వానని తెలిసి ఒళ్లు జలదరించింది.

ఫిబ్రవరి 5

కాన్పు రాశాను. ఎవరూ చావలేదు. ఎలా రాశానో తెలియదు.

ఫిబ్రవరి 6

231. వాడికి పదకొండేళ్లు. ఒళ్లు కాలిపోతోంది, కాలనీలో మందు అయిపోయింది. శౌభిక్ పుస్తకం లాక్కుని మూసేశాడు.

ఐంద్రిలా దీదీకి ఫోన్ చేశాను. ఎత్తగానే అడిగాను, వాడికి తగ్గుతుందా అని.