నేను ఇప్పుడే రాను

చిరంజీవి పెద్దోడికి దీవెనలు. నన్ను తీసుకుపోవడానికి వస్తానని రాశావు, రావద్దు. పక్కింటి టైలరమ్మ చేత రాయిస్తున్నాను. నా మాటకు అడ్డు చెప్పకు. నీ కూతురు నర్సింగులో పెద్ద చదువంటూ పగలంతా వార్డులోనే ఉంటుంది. ఇంటికొచ్చినా పుస్తకమే, బీపీ చూసే కాసేపే నా పక్కన కూర్చుంటుంది. అందుకని మొన్న లేని మోకాలి నొప్పి చెప్పాను. అది నమ్మి, నన్నే కేసుగా రాసుకుని, వాళ్ళ మేడమ్‌ని వెంటబెట్టుకొచ్చింది. అప్పటికి నేను గొంతుక్కూర్చుని గిన్నెలు తోముతున్నాను! మేడమ్ నవ్వుకుంటూ వెళ్ళాక "పరువు తీశావు కదే నానమ్మా" అని పోట్లాడి, నా ఒళ్ళో తలపెట్టి, "నాతో మాత్రం ఎవరు మాట్లాడుతున్నారే ఇక్కడ" అంది. నేను వచ్చేస్తే సాయంత్రం దానికి తాళమే ఎదురొస్తుంది. అక్కడ మన వంటింటి తూము బాగుచేయించావా? కోడలికి దీవెనలు. నా శాలువా పార్సిల్ చెయ్యి, ఈ చలికాలమూ ఇక్కడే.